మర్యాదగా అడిగిన ప్రశ్న

నంద్యాలలో నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి. సాయంత్రం అంగడి కట్టేముందు కాసేపు ఊరికే పనిచేస్తాను. కంప్యూటర్ సందేహాలు తెలుగులో అడగడానికి ఒక వెబ్‌సైట్ ఉంది. అక్కడ జవాబులు చెప్పేవాళ్లంతా నాలాగా ఇష్టపడి వచ్చినవాళ్లే, ఎవరికీ జీతం లేదు. మా అమ్మ దీన్ని పనిలేని పని అంటుంది. అననీ.

ఆ సైటులో ‘జవాబు లేనివి’ అని ఒక పేజీ ఉంది. కింద ఒక్క మాటా పడని ప్రశ్నలన్నీ అందులో ఉంటాయి. మాలో చాలామంది ఆ పేజీ ఒక్కటే తెరుస్తారు. సైటు నడిపే పెద్దాయన హైదరాబాదులో ఇంజనీరు, మంచి మనిషే. ఒకసారి ఆయన ఆ పేజీని ఖాళీ చేద్దామన్నాడు. అన్ని ప్రశ్నలు అలా పడి ఉంటే చూసేవాళ్లకు బాగుండదట. జవాబు తెలియకపోతే కింద ‘మరిన్ని వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే చాలు, ప్రశ్న ఆ పేజీలోంచి వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు దానంతట అదే మూతపడుతుంది. అందరూ సరేనన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇల్లు ఊడ్చి చెత్తను మంచం కిందికి తోసినట్టుంది మీ శుభ్రం అని రాశాను. నేను మాత్రం ఏ ప్రశ్న కిందా ఆ వాక్యం రాయనని కూడా చెప్పాను.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఇలా చడీచప్పుడు లేకుండా మరుగున పడినవి ఇంకెన్ని ఉన్నాయోనని పాత పేజీలు తిరగేశాను. ఒకచోట ఆళ్లగడ్డ పేరు కనబడింది. రాయి చెక్కే మిషన్ పని మధ్యలో ఆగిపోతోందని, కంప్యూటర్ చూస్తే మిషనే లేదంటోందని, పలకలు పాడవుతున్నాయని ఒకామె రాసింది. ఆ ప్రశ్నకు చాలా జవాబులు వచ్చినట్టు సైటు చూపిస్తోంది. తెరిచి చూస్తే అన్నీ ఆమె రాసినవే. ‘నమస్తే అన్నా, చూసినారా?’ కొన్నాళ్లకు, ‘మీకు టైం లేదేమో అన్నా, ఉన్నప్పుడు చెప్పండి.’ మరికొన్నాళ్లకు, ‘బాగుండారా అన్నా? నా సంగతి గుర్తుందా?’

మా వైపు ఎవరితోనైనా పని పడితే ఒకసారి చెప్పి ఇంట్లో కూర్చోరు. మళ్లీ వెళ్తారు, గుమ్మం దగ్గర నిలబడి బాగోగులు అడుగుతారు, అసలు సంగతి చివర్లో గుర్తుచేస్తారు. ఆమె చేసిందీ అదే. సైటుకు ఇవేవీ తెలియవు కదా, ఆమె పెట్టిన మొదటి నమస్తేనే జవాబు కింద లెక్క వేసుకుని ఆ ప్రశ్నను పేజీలోంచి తీసేసింది. పాపం, ఆమె ఇంకా పలకరిస్తూనే ఉంది. నాకు కోపంతో పాటు ఏడుపూ వచ్చింది.

చూశాననీ, జవాబు నాకూ తెలియదనీ, ఉండేది నంద్యాలలోనే కాబట్టి ఆదివారం వచ్చి చూస్తాననీ రాశాను. సైటు బయట ఎవరినీ కలవకూడదన్నది మా నియమమని పెద్దాయన గుర్తుచేశాడు. బస్సు టికెట్ నాది, ఆదివారం నాది అన్నాను.

ఆళ్లగడ్డలో వాళ్ల షెడ్డు రోడ్డు పక్కనే. ఆమె మామ నల్లరాయి ముందు కూర్చుని విగ్రహం చెక్కుతున్నాడు. నన్ను చూసి తలూపాడు గానీ ఉలి ఆపలేదు. ఎవరో అన్న వస్తాడనుకున్న ఆమె, ఆడమనిషినైన నన్ను చూసి నవ్వేసి, కుర్చీ తెచ్చి వేసింది. ఆ ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఉలి ఇవ్వరు. రాయి మీద నీళ్లు పోయడం, మెరుగు పెట్టడం, అంతవరకే. భర్త మిషన్ తెచ్చాక దాని ముందు కూర్చునే తీరిక మగవాళ్లెవరికీ లేకపోయింది. ఈమె కూర్చుని నేర్చుకుంది. శిలాఫలకాల మీద అక్షరాలు, గడపల మీద పూలతీగలు ఆమే చెక్కుతోంది. ఇప్పుడిలా పలకలు పాడవుతుంటే మిషన్ వెనక్కి ఇచ్చేయమని మామ తేల్చేశాడు. అమ్మినవాళ్లు మంగళవారం బండి తెస్తారట.

“మిషన్ పోతే నాకు ఉలి ఇస్తారా అక్కా? మళ్లా నీళ్లు పోసేదే నా పని,” అంది.

ఆ మాట మామకు వినబడేంత గట్టిగానే అంది.

మిషన్ మీద ఒక పలక పెట్టి మొదలుపెట్టాం. చాలాసేపు చక్కగా నడిచింది. నేను కంప్యూటర్‌లో అన్నీ వెతికాను, వైరు మార్చాను, ఏ తప్పూ దొరకలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక షెడ్డులో రాళ్లకు మెరుగుపెట్టే పెద్ద మోటారు గుర్రుమంది. అదే క్షణంలో మా మిషన్ ఆగిపోయింది. ఇంకోసారి మొదలుపెట్టి, ఆ మోటారును ఆపి మళ్లీ వేయించాం. మళ్లీ అంతే. ఆ వీధిలో పుట్టి పెరిగిన చెవులకు ఆ చప్పుడు చప్పుడే కాదు, అందుకే ఆమెకు తట్టలేదు. విరుగుడు ఏమిటో నాకూ తెలియదు. చూసిందంతా ఆమె చేతనే కొత్త ప్రశ్నగా రాయించాను. ఈసారి కింద నమస్తే కూడా పెట్టొద్దని చెప్పాను.

“అడిగినాంక పలకరించకుంటే పొగరనుకోరా అక్కా?”

“అనుకోనీ.”

దీని కింద ఎవరైనా ‘మరిన్ని వివరాలు’ అని రాస్తే ఊరుకునేది లేదని తిరుగు బస్సులోంచే మావాళ్లందరికీ చెప్పాను. ఊడ్చి ఖాళీ చేసిన పేజీలో ఆ ఒక్క ప్రశ్నే ఉంది. తెల్లారేసరికి జవాబు వచ్చింది. రాసింది బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీలో కరెంటు పనిచేసే ఆయన. మిషన్‌కు ఎర్త్ సరిగా లేదు, పెద్ద మోటారున్న లైనులోంచే దానికీ కరెంటు వస్తోంది, రెండూ వేరుచేసి మంచి వైరు వేయండి అన్నాడు. చాలా ఏళ్లుగా మాతోనే ఉన్న మనిషి. ఆయన తెరిచేది ‘జవాబు లేనివి’ పేజీ ఒక్కటే కాబట్టి ఆమె పాత ప్రశ్న ఎప్పుడూ ఆయన కంటపడలేదు.

సోమవారం ఆమె భర్త ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అలాగే చేయించాడు. వెనక మోటారు గుర్రుమంటుంటే ఆమె మిషన్ ఒక పలక పూర్తిగా చెక్కింది. మామ వచ్చి అది పూర్తయ్యేదాకా నిలబడి చూసి వెళ్లాడట. మంగళవారం వచ్చిన బండి ఖాళీగా తిరిగిపోయింది.

ఆ తర్వాత నేను పెద్దాయన్ను వదల్లేదు. అడిగినవాళ్లు ‘నా పని అయింది’ అని చెప్పేదాకా ఏ ప్రశ్నా ఆ పేజీలోంచి పోకూడదన్నాను. చాలా వాదించాక ఒప్పుకున్నాడు. పేజీ ఒక్కసారిగా చాంతాడంత అయింది. పరువు పోయిందన్నారు కొందరు. మనకు చేతకానిది మన కళ్ల ముందే ఉండాలి, దాచుకోవడానికి ఇదేమన్నా దొంగ సొమ్మా అన్నాను.

ఇప్పుడు ఆళ్లగడ్డ ఆమె కూడా రోజూ ఆ పేజీ చదువుతోంది. ఎవరూ పలకని ప్రశ్న కింద, ‘మీది చదివినా అన్నా, నాకు తెలీదు’ అని రాసి వెళ్తుంది. ఏమీ తెలియని మనిషి ప్రతిచోటా వచ్చి రాస్తోందని ఫిర్యాదులు మొదలయ్యాయి. మీ ప్రాంతం మనిషే కదా, అలా రాయొద్దని కాస్త చెప్పమన్నాడు పెద్దాయన. ఫోన్ చేసి ఆయన మాట ఆయన మాటగానే చెప్పాను.

“నేను అడిగినప్పుడు తెలీదని చెప్పేటోళ్లు గూడా లేకపోయిరి కదక్కా. నేను రాస్తా. తీసేస్తే తీసేయనీ,” అంది.

ఆమెను తీసేస్తే నన్నూ తీసేయండని ఆ సాయంత్రమే పెద్దాయనకు రాశాను. ఇంతవరకు ఇద్దరిలో ఎవరినీ తీయలేదు.