ఎడమ చెవికి అందని చెయ్యి

నా కూతురు ఏడో నెలలోనే పుట్టింది. ఎనిమిది వందల గ్రాములు. రాజమండ్రి ఆసుపత్రిలో రెండున్నర నెలలు అద్దాల పెట్టెలో ఉంచి మా చేతికిచ్చారు. బతుకుతుందో లేదో తెలియని దాన్ని పంచాయతీలో రాయించడమెందుకని మా అత్తగారు ఆపేశారు. తరవాత ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నెలనెలా తీసుకురమ్మన్న డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లి మానేశాం. పాలు తాగుతోంది, ఇంకేం రోగం అనుకున్నాం.

అది బతికింది. ఒళ్లు మాత్రం ఎదగలేదు. మూడేళ్లు దాటాక గానీ నడక రాలేదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుపోయి ఉండేది. ఆ చేత్తో నాట్లు వెయ్యలేదు, కోత కొయ్యలేదు. నాలుగు అక్షరాలు వస్తే ఎక్కడో కూర్చుని బతుకుతుందని నా ఆశ. అప్పటికి నాకే చదువు రాదు. నలభై దాటాక నేర్చుకున్నాను.

మా ఊరి బడిలో వయసు కాగితం లేని పిల్లల్ని కుడి చెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే ఐదేళ్లు నిండినట్టు. మొదటి ఏడాది అందలేదు. రెండో ఏడాదీ అందలేదు.

"ఏడేళ్లండి దీనికి," అన్నాను.

"ఏడేళ్లా? మా కోడిపెట్ట దీనికంటే బరువుంటుంది," అన్నారు హెడ్మాస్టారు.

"నెలలు నిండకుండా పుట్టిందండి. పెట్టెలో పెట్టి బతికించారండి."

"మరి ఇంకో రెండేళ్లు ఆ పెట్టెలోనే ఉంచాల్సిందమ్మా!"

పక్కనున్న టీచరుగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఎడం చేత్తో అయితే పట్టుకుంటుందండి."

"రేపు ఎడం చేత్తోనే అన్నం తింటానంటుంది. వచ్చే ఏడు తీసుకురా."

ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే దాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, ఆ కుడి చెయ్యి నెత్తి మీదికి లాగేదాన్ని. "అమ్మా, ఇవాళ్టికి వద్దే" అనేది. ఇరుగుపొరుగు వింటారని నోట్లో తువ్వాలు కుక్కి లాగాను.

మూడో ఏడాది బడి తెరిచిన రోజున దాని వేలికొసలు చెవిని తాకాయి.

"అందిందే! సరే, ఐదేళ్లని రాస్తున్నా," అన్నారు హెడ్మాస్టారు. దానికి ఎనిమిది.

ఎత్తిన చెయ్యి దించలేక అది ఏడవడం మొదలుపెట్టింది. ఎక్కడ పేరు కొట్టేస్తారోనని చెంప మీద ఒక్కటిచ్చాను. ఏడుపు ఆపింది. చెయ్యి నేనే కిందికి దించి, ఒకటో తరగతిలో చివరి వరసలో కూర్చోబెట్టి వచ్చేశాను.