నీళ్ళు లేని స్పిరిట్

ఆ మంగళవారం ఉదయం మూడు తోలు పుస్తకాలు లైబ్రరీ పెద్దబల్ల మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. పది రోజుల కిందటి వరకూ వాటి వెన్నులు ఎండిన ఇటుక రంగులో ఉండేవి. ఇప్పుడు మాడిన పెనం అడుగులా నల్లబడి, బిర్రబిగుసుకుని, అక్కడక్కడా పగిలి ఉన్నాయి. సూపరింటెండెంట్ ఆ వెన్నుల మీద పెన్ను మూతతో టకటకా కొట్టి, పదిమందీ వింటుండగా అన్నాడు: "అమ్మా, మీ చేతులు ఇక తోలుకి పనికిరావు. రేపట్నుంచి కింది గదిలో కూర్చుని పాత పేపర్లు కుట్టండి."

ఇరవై రెండేళ్ళ పని అంతటితో ముగిసింది. పాత పుస్తకాలు బాగుచేసే జిగురక్క రెండు చేతులూ పైకి కిందికి తిప్పి చూసుకుంది, బజార్లో వంకాయలు ఎంచేటప్పుడు పుచ్చు కోసం వెతికినట్టు. తర్వాత కత్తులు గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

గుమ్మం దగ్గర తాళాల గుత్తి పట్టుకుని నిలబడ్డ స్టోర్‌కీపర్ ఆమె దిగిపోవడం చూశాడు. తన దగ్గర చెప్పాల్సింది ఏమైనా ఉందో లేదో అతనికే తెలియదు. ఏదో ఉందని మాత్రం అనిపిస్తోంది. అదేమిటో తేల్చుకోవడానికి అతనికి దాదాపు ఏడాది పట్టింది.

జిగురక్క అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎప్పుడూ ఒంటికి జిగురు వాసన ఉంటుందని కొందరు ఆ పేరు పెట్టారంటారు. ఏ విషయమైనా పట్టుకుంటే వదలదు కాబట్టి పెట్టారని తక్కినవాళ్ళు. పదిహేడో ఏట మేనమామ బైండింగు కొట్లో కాగితాలు మడతపెట్టడానికి చేరింది. తోలు దగ్గరికి మాత్రం ఆయన రానిచ్చేవాడు కాదు. "ఆడపిల్లకి కత్తెందుకే" అనేవాడు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఈమె చెత్తబుట్టలోని తోలు ముక్కలు తీసి, ఆయన కత్తితోనే అంచులు పలచగా చెక్కేది. ఒకరోజు ఆయన ముందుగా లేచాడు. ముక్క చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచంతా తడిమాడు.

"ఇదెవరు చెక్కారు?"

"నేనే మావయ్యా."

"నాకంటే పలచగా చెక్కావు. నలుగురికీ తెలిస్తే నా పరువేం కావాలి?" అన్నాడు. మర్నాటి నుంచి ఆమెకో కత్తి వేరే ఇచ్చాడు. ఈ కథ ఆమె స్టోర్‌కీపర్‌కి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ 'పరువు' అన్న మాట దగ్గర మేనమామ గొంతు పెట్టి మరీ నవ్వేది.

లైబ్రరీలో ఆమెది పై అంతస్తులో కిటికీ పక్క బల్ల. పాత తోలు పుస్తకాలన్నీ అక్కడికే వచ్చేవి. తోలు బాగా ముసలిదైతే ఎర్రటి పొడి రాల్చడం మొదలుపెడుతుంది. పుస్తకం తీసినవాడి చొక్కా నిండా ఇటుక పొడి అంటుకుంటుంది. దానికి ఆమె చేసే వైద్యం ఒక్కటే. తెల్లటి పొడి ఒకటి స్పిరిట్‌లో కలిపి రాత్రంతా ఉంచితే పలచటి గంజిలా తయారవుతుంది. దాన్ని మెత్తటి కుంచెతో తోలుకి పట్టించాలి. స్పిరిట్ ఆ గంజిని తోలు లోపలికంటా తీసుకెళ్ళి వదిలేసి, తను గాలిలో కలిసిపోతుంది. పొడి రాలడం ఆగుతుంది.

"స్పిరిట్ అంటే ఇంటికొచ్చి, తెచ్చిన సామాను దింపేసి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయే చుట్టం లాంటిది తమ్ముడూ" అని చెప్పేది. "నీళ్ళు అట్లా కాదు. వస్తే కదలవు. ముసలి తోలులో నీళ్ళు చేరాయంటే అది నల్లబడిపోతుంది, చెక్కలా అవుతుంది. తర్వాత దేవుడు దిగొచ్చినా మామూలు రంగు రాదు."

అందుకే ఆమె చీటీ మీద ఎప్పుడూ ఒకే మాట రాసేది: "స్పిరిట్, నీళ్ళు లేనిది." తెచ్చే పని స్టోర్‌కీపర్‌ది. నిప్పు భయంతో డబ్బాలు పైకి పంపకూడదని లైబ్రరీలో కట్టడి. డబ్బా స్టోరులోనే ఉంటుంది. జిగురక్క తన గోధుమరంగు గాజు సీసా కిందికి పంపితే అతను నింపి పంపుతాడు. ఆ సీసా మీద ఆమె చేత్తో రాసి అంటించిన కాగితం ఉంది. దాని మీదా అదే మాట: నీళ్ళు లేనిది. ఆ సీసా ఎన్ని వందలసార్లు కిందికీ పైకీ తిరిగిందో. కాగితం మాత్రం ఎప్పుడూ మారలేదు.

ఎప్పుడూ కొనే కొట్టు మూతపడ్డంతో వచ్చింది తంటా అంతా. కొట్టాయన వెళ్ళిపోయాడు. తలుపు మీద తాళం తప్ప మరో కబురు లేదు. స్టోర్‌కీపర్ చీటీ జేబులో పెట్టుకుని ఊరి మీద పడ్డాడు.

మొదట రంగుల కొట్టుకి వెళ్ళాడు. "నీళ్ళు లేని స్పిరిటా? అంటే మేం నీళ్ళు కలుపుతామనా మీ ఉద్దేశం?" అని కొట్టువాడు కస్సుమన్నాడు. వాడు చూపించింది చెక్కకి మెరుపు పట్టించే స్పిరిట్. పసుపు రంగులో ఉంది, వేలికి అంటుకుంది. అది కాదని తెలుస్తూనే ఉంది. మందుల షాపుకి వెళ్తే గాయాలు తుడిచే స్పిరిట్ ఇచ్చారు. దానికి ఏదో ఘాటైన నూనె వాసన. పుస్తకాలకి కావాలంటే షాపు అమ్మాయి ఎగాదిగా చూసి, "పుస్తకాలకేమైంది సార్, దెబ్బ తగిలిందా?" అంది.

చివరికి ఊరి అవతల కెమికల్ డిపోకి చేరాడు. అక్కడ ఒకే రకం తెల్ల డబ్బాలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. వాసన చూస్తే అచ్చం పాత స్పిరిట్ వాసనే. ప్రాణం లేచొచ్చింది.

"ఎంత కావాలి? డెబ్బయ్యా, తొంభైతొమ్మిదా?" అన్నాడు డిపోవాడు.

లీటర్లేమో అనుకుని "రెండు చాలు" అన్నాడు స్టోర్‌కీపర్. డిపోవాడు పగలబడి నవ్వాడు. స్టోర్‌కీపర్‌కి చెవులు వేడెక్కాయి. మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

"ఏది మంచిది?"

"రెండూ మంచివే. డెబ్బై ఎక్కువ పోతుంది. ఆస్పత్రులవాళ్ళంతా అదే పట్టుకెళ్తారు."

ఆస్పత్రులు వాడేదంటే అంతకంటే శుభ్రమైంది ఇంకేముంటుంది? డబ్బా మీద డెబ్బై అని చూస్తే, పరీక్షలో వచ్చిన మార్కుల్లా బాగానే కనిపించింది. తెచ్చి సీసా నింపాడు. పైకి పంపకుండా తనే పట్టుకెళ్ళాడు.

జిగురక్క సీసా వెలుతురుకి పెట్టి చూసింది. "కొట్టు మూశారన్నావుగా. ఎప్పటిదేనా తమ్ముడూ?"

నవ్విన డిపోవాడి పళ్ళు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. డెబ్బై, తొంభైతొమ్మిది అని చెప్తే ఆమె ఇంకో ప్రశ్న వేస్తుంది. దానికి జవాబు తన దగ్గర లేదు.

"ఎప్పటిదే అక్కా" అన్నాడు.

అంతే జరిగింది. ఆ పక్క వారమే పుస్తకాలు నల్లబడ్డాయి.

ఆఫీసుల్లో తప్పు ఎక్కడ పుట్టినా మెట్లు దిగుతుంది గానీ ఎక్కదు. జిగురక్కతోబాటు అది కింది గదికి వెళ్ళి కూర్చుంది. ఆ గదికి ఒకే కిటికీ, అదీ నేల మట్టంలో. దాన్లోంచి వచ్చేపోయేవాళ్ళ చెప్పులు మాత్రం కనిపిస్తాయి. స్టోర్‌కీపర్ ఏదో వంకన వెళ్ళి తొంగిచూసేవాడు. దారం సూదిలోకి ఎక్కించడానికి ఆమె మూడుసార్లు, నాలుగుసార్లు తంటాలు పడేది. వేళ్ళు వణికేవి. ఇదివరకు లేని వణుకు.

"చూశావా? పెద్దాయన ఊరికే అనలేదు" అనేది నవ్వుతూ. "నా చేతులు నాకు చెప్పకుండానే రిటైరయ్యాయి."

అతను బయటికొచ్చేవాడు. తప్పు సీసాదా? అయితే ఆ స్పిరిట్ వాసన పాతదానిలాగే ఎందుకుంది? ఆ పొడి అందులో ఎప్పట్లాగే ఎందుకు కరిగింది? ఆ వారమంతా ముసురు పట్టింది, గాలిలో చెమ్మ ఉంది, దానివల్లేమో. ఆ పుస్తకాలు ముందే కుళ్ళిపోయాయేమో. నిజంగానే అక్క చెయ్యి తప్పిందేమో. ఈ చివరి మాట తట్టినప్పుడల్లా అతనికి కాస్త తెరిపిగా ఉండేది. ఆ తెరిపి చూసి తన మీద తనకే అసహ్యం వేసేది.

అతని భార్య ఓ స్కూల్లో సైన్సు ల్యాబు చూసుకుంటుంది. ఆమెని అడగాలని ఇన్నాళ్ళూ తోచకపోవడానికి కారణం అతని దగ్గర లేదు. ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతున్న ఆమెని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"స్పిరిట్ డబ్బా మీద డెబ్బై అని ఉంటే ఏంటి?"

"నూటికి డెబ్బై వంతులు స్పిరిట్ అని."

"మరి మిగతా ముప్పై?"

"నీళ్ళు."

"నీళ్ళా! నీళ్ళు పోసి స్పిరిట్ అని ఎట్లా అమ్ముతారు?"

"అదేం మోసం కాదండీ. క్రిములు చావాలంటే కాసిని నీళ్ళుండాలి. అందుకే ఆస్పత్రులకి అది. అయినా ఇవన్నీ మీకెందుకు? ఏదైనా ఒలకబోశారా?"

ఆస్పత్రిలో మనిషికి మేలు చేసే నీళ్ళే పుస్తకాన్ని చంపుతాయని ఎవరు మాత్రం అనుకుంటారు?

అయినా పూర్తి నమ్మకం కుదరలేదు. మర్నాడు డిపోకి వెళ్ళి తొంభైతొమ్మిది తెచ్చాడు. చిత్తు పుస్తకాల గుట్టలోంచి పొడి రాలుతున్న పాత వెన్ను ఒకటి ఏరి, రెండు ముక్కలుగా కోశాడు. ఒకదానికి ఈ స్పిరిట్, రెండోదానికి స్టోరులో మిగిలిన డెబ్బై కుంచెతో పట్టించాడు. రెండూ వెంటనే నల్లబడ్డాయి. రెండూ ఒకటేనన్నమాట, తప్పు సీసాది కాదన్నమాట! మూలన స్టూలేసుకుని కూర్చుని చూస్తూనే ఉన్నాడు. గంట గడిచేసరికి తొంభైతొమ్మిది పట్టించిన ముక్క మెల్లిగా తేటపడి ఇటుక రంగుకి వచ్చింది. రెండోది నల్లగానే ఉండిపోయింది. సాయంత్రానికి గోరుతో కొడితే టక్కుమంది.

ఆ ముక్కలు రెండూ కవర్లో పెట్టుకుని సూపరింటెండెంట్ గదికి వెళ్ళాడు. అంతా చెప్పాడు. ఆయన ముక్కల్ని ముట్టుకోలేదు.

"ఇప్పుడా? ఆవిడ ఈ నెలాఖరుకి మానేస్తోంది కదయ్యా. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోందట. ఇప్పుడివన్నీ తవ్వి ఎవరికి ఉపయోగం?"

"ఆవిడకి, సార్."

"సరే, రాసివ్వు. చూద్దాం."

రాసిచ్చాడు. తప్పు తనదేనని, ఆమె చేతిది కాదని, కింద సంతకంతో సహా. ఆ కాగితం ఏమైందో అతనికి ఇప్పటికీ తెలియదు.

నెలాఖరు ఆదివారం జిగురక్క ఇంటికి వెళ్ళాడు. ఒకటే గది. సామాను సగం పెట్టెల్లోకి ఎక్కింది. ఆమె కత్తులన్నీ నేల మీద పరిచి ఒక్కోదానికీ నూనె రాస్తోంది.

"రా తమ్ముడూ. ఆ పెట్టె మీద కూర్చో, విరగదులే. నీకంటే బరువైన పుస్తకాలున్నాయి అందులో."

అతను కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. కొట్టు మూతపడ్డం, డిపో, డెబ్బై, నవ్విన మనిషి, 'ఎప్పటిదే' అన్న అబద్ధం. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఊపిరి బిగపట్టి చెప్పేశాడు. చివర్న కవరు విప్పి రెండు ముక్కలూ ఆమె ముందు పెట్టాడు.

తిడుతుందనుకున్నాడు. కత్తి విసిరినా విసరవచ్చనుకున్నాడు. ఏడుస్తుందేమోనని కూడా భయపడ్డాడు. ఆమె నూనె చేతులు చీరకి తుడుచుకుని, ముక్కలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. తిప్పి చూసింది. గోరుతో కొట్టింది. నాలుక కొసకి కూడా తాకించింది.

"ఒక్క పూతేనా, రెండా?"

"ఒక్కటే అక్కా."

"ఎంతసేపటికి తేటపడింది ఇది?"

"గంట. ఇంకాస్త తక్కువేనేమో."

"ఊఁ" అంది. ముక్కలు పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. ఇక వాటికి ఆ అవసరం లేదని అతనికి చెప్పాలనిపించింది. ఎట్లా చెప్పాలో తోచలేదు.

"అక్కా, నీ చేతులది ఏ తప్పూ లేదు. పెద్దాయనకి రాసిచ్చాను. అందరి ముందూ చెప్పమన్నా చెప్తాను."

ఆమె అతని వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉంటే అతనికి నయంగా ఉండేది. వాళ్ళిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. ఆమె వెళ్ళాక ఉత్తరం ముక్క లేదు, అతను రాయనూ లేదు.

"మొదటి పుస్తకం నీ సీసాయే పాడుచేసింది తమ్ముడూ, ఒప్పుకుంటున్నా" అంది. "కానీ రెండోది ముట్టుకునేసరికి మొదటిది పట్టించి రాత్రంతా గడిచింది. నల్లగానే ఉంది. నేను చూశాను. నా కళ్ళతో చూశాను. ముసురు కదా, ఎండొస్తే తేటపడుతుందిలే అనుకుని రెండోదానికి పట్టించా. తర్వాత మూడోదానికి. మరి ఆ రెండూ ఎవరు పాడుచేసినట్టు? చెప్పు. నాకు తెలీక అడుగుతున్నా."