మేడెక్కిన చెరువు మట్టి

ఏడో తరగతి నేను రెండేళ్లు చదివాను. అయినా పాసైన దాఖలా లేదు. మూడో ఏడు మా సారు నన్ను క్లాసులోంచి లేపి, బడి ముందున్న మందార చెట్టుకు నీళ్లు పొయ్యమని పంపాడు. పోశాను. మళ్లీ లోపలికి పిలవలేదు. నా మొత్తం ఉద్యోగ జీవితానికి దొరికిన అపాయింట్‌మెంట్ ఆర్డరు అదొక్కటే.

తర్వాత జనగామలో ఒక నర్సరీలో కూలీగా చేరాను. మాలీనై, హెడ్ మాలీనై, చివరికి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. హెడ్ మాలీకీ సూపర్‌వైజరుకీ తేడా ఏమిటని అడుగుతుంటారు. హెడ్ మాలీ చేతికి మట్టి అంటుకుని ఉంటుంది, సూపర్‌వైజరు చేతిలో సెల్‌ఫోను ఉంటుంది. తప్పెవరు చేసినా తిట్లు మాత్రం సెల్‌ఫోనుకే వస్తాయి.

2011 సెప్టెంబరు ఆఖర్లో నన్ను మహబూబాబాద్ పనికి పంపారు. మేమంతా దాన్ని మానుకోట అనే అంటాం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో, సార్లు టెంట్లలో, బడిపిల్లలు చెరువుల్లో ఉన్నారు. భూపాలపల్లి బాయిల్లో బొగ్గు తీయడం ఆపేశారు. కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోతోంది.

పని ఇచ్చిన అమ్మాయి పేరు స్వరూప. నెల్లికుదురు దగ్గరి రైతు కుటుంబం. ఫోటోగ్రఫీ నేర్చుకుని వచ్చి, మానుకోటలో స్టూడియో పెడతానంది. కింద వాళ్ల నాయిన నర్సింహారెడ్డి పటేల్ ఎరువుల దుకాణం, పైన ఒక గది, దాని ముందు పద్నాలుగు అడుగులకు పది అడుగుల ఆరుబయలు. ఆ ఆరుబయలునే కుండీలతో తోటలా దిద్దాలి, జనం అందులో నిలబడి ఫోటోలు దిగాలి. పటేల్ పెట్టిన షరతు మాత్రం చిన్నది. "దసరా లోపట నిలవెడితే నీది బిడ్డా. లేకుంటె పైన ఎరువుల బస్తాలేస్త. గోదాముకు జాగ దొరుకుత లేదు" అన్నాడట. దసరాకు పది రోజులుంది.

ఈ పనికి ఒక వరస ఉంది. ముందు ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో చూసి సుద్దముక్కతో గీత గీయాలి. బరువు కుండీలు గోడ వారగా, దూలాల మీదుగా ఉండాలి. స్లాబు నడుమ బరువు పెట్టకూడదు. పొడుగువి వెనక, పొట్టివి ముందు. రంగులు రెండు దాటకూడదు. చిన్న జాగాలో నాలుగు రంగులు పెడితే తోట కాదు, గాజుల దుకాణం అవుతుంది. మేము వెనక గోడకు నల్లరంగు వేయించాం, పక్కన వెదురు తడక కట్టించాం, పొడుగాటి తెల్ల పింగాణీ కుండీలు పన్నెండు తీసుకుపోయాం. వాటిలోకి పామ్‌లు, క్రోటన్లు. అన్నీ వ్యానులో పట్టాయి. పట్టనిది ఒకటే, మట్టి.

కుండీలో మేము నింపేది మామూలు మట్టి కాదు. కొబ్బరి పొట్టు, ఎర్రమన్ను, పశువుల ఎరువు కలిపిన మిశ్రమం. మా కూలీలు దాన్ని మసాలా అంటారు. కొబ్బరి పొట్టు కోస్తా నుంచి రావాలి. ఆ లారీ ఎక్కడో రాస్తారోకోలో చిక్కుకుంది. దారిలో మమ్మల్నీ ఆపారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వ్యానులో ఏముందని ఒక యువకుడు అడిగాడు.

"మొక్కలు తమ్మీ. ఇవి గూడ సమ్మెల ఉన్నయి. మన మట్టి పోసేదాంక పువ్వు పుయ్యమన్నయి" అన్నాను.

అందరూ నవ్వారు, అన్నం పెట్టారు, దారి ఇచ్చారు. నా మాట నాకే బాగా నచ్చింది. అదే కొంప ముంచింది.

మానుకోట చేరాక పటేల్‌కు మట్టి రాని సంగతితోపాటు దారిలో అన్న నా మాట కూడా చెప్పాను. ఆయన దుకాణం ముందు పదిమంది కూర్చుని ఉన్నారు. "మన చెరువు మట్టి ఉండంగ ఆంధ్ర కొబ్బరి పొట్టు ఎందుకయా? ఎండకాలం తోడిచ్చిన కుప్ప ఉన్నది, ట్రాక్టరు నిండ పంపిస్త. ఎకరం పొలాన్ని బంగారం చేసే మట్టి, నీ కుండీకి తక్కువైతదా?" అన్నాడు. కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎండాకాలంలో చెరువు ఎండితే అడుగున తేలిన నల్లని ఒండ్రుమట్టిని మా రైతులు బండ్లకెత్తి చేలకు తోలుకుంటారు. దాన్ని మించిన ఎరువు లేదు. ఆ రోజుల్లో దాన్ని వద్దనడమంటే ఉద్యమాన్నే వద్దన్నట్టుగా ఉండేది. నేను తలూపాను.

నాతో వచ్చిన కూలీ జమ్లి. దేవరుప్పుల వైపు తండా మనిషి. నర్సరీలో నాకంటే రెండేళ్లే వెనక చేరింది. అప్పటికీ రోజు కూలీయే. ట్రాక్టరు నుంచి ఒక పెడ్డ తీసి, నీళ్లలో తడిపి, గుప్పిట్లో పిసికి నా ముందు పెట్టింది.

"మల్లేశన్నా, దీంట్ల మొక్కలు పెడ్తవా, ఇటుకలు చేస్తవా?"

"నువ్వు మోస్తె రెండూ చేస్త" అన్నాను.

పటేల్ నవ్వాడు. జమ్లి తన భాషలో ఏదో అనుకుంటూ తట్ట నెత్తికెత్తుకుంది. ఇరవై రెండు మెట్లు. బతుకమ్మ పండుగ మొదలయ్యే ఎంగిలిపూల రోజు సాయంత్రానికి కుండీలన్నీ నిండాయి. తెల్ల కుండీలు, నల్ల గోడ, పచ్చని ఆకు. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగో రోజు పొద్దున స్వరూప ఫోను చేసింది. పరుగున పైకెక్కి చూశాను. పోసిన నీళ్లు కుండీల్లో అలాగే నిలబడి ఉన్నాయి. వాటి కింద మట్టి ఇటుక మన్నులా బిగుసుకుని, వేలు పెడితే దిగలేదు. క్రోటన్ల కింది ఆకులు పసుపు తిరిగాయి. మట్టి ఉబ్బి రెండు కుండీలు పైనుంచి కిందికి పగిలాయి. వీటన్నిటికంటే భయపడాల్సింది దుకాణంలో కనిపించింది. పైకప్పుకు వెంట్రుకంత బీట పడి, తడి చెమ్మ దిగింది.

పటేల్ బీటను చూశాడు, నన్ను చూశాడు. "బస్తాలేసినా ఇంత బరువు గాకపోవు కదా" అన్నాడు. మట్టి ఎవరు పంపారో నేను గుర్తుచేయలేదు. సూపర్‌వైజరు ఉండేదే అందుకు.

స్వరూప ఏడవలేదు. "అన్నా, నిజం చెప్పు. అయితదా, కాదా? కాదంటె ఇయ్యాలనే నాయినకు తాళం ఇచ్చేస్త. నలుగుట్ల నవ్వులపాలైనంక ఇచ్చుడు నాతోని కాదు" అంది. నాకు జోకు ఏదీ తోచలేదు. నా ఉద్యోగంలో అలా జరగడం అరుదు.

జమ్లి వైపు తిరిగి అడిగాను. "తండల మీరు డబ్బలల్ల మిరప చెట్లు పెడ్తరు కదా, ఏం పోస్తరు?"

"మిల్లు బూడిద. రైసుమిల్లు ఎనుక నల్లగ కుప్ప పోస్తరు సూడు, ఊక కాలింది. గదీ, గొర్రె ఎరువూ. కని ఉత్తగ పోస్తె ఏరు మాడుతది. ఒక రాత్రి నానేసి నీళ్లు పారవొయ్యాలె. రెండుమాట్ల."

సమ్మె వల్ల మిల్లు మూసి ఉన్నా, వెనక కుప్ప ఎక్కడికీ పోలేదు. తోపుడు బండి మీద తెచ్చాం, పెద్ద తొట్లలో నానబెట్టాం, వంచాం, మళ్లీ నానబెట్టాం. జమ్లి చెప్పిన కొలత ఇది: రెండు తట్టల నానిన ఊక బూడిద, ఒక తట్ట పాత గొర్రె ఎరువు, ఒక తట్ట ఎర్రమన్ను, చెరువు మట్టి దోసెడు. కుండీ అడుగున రంధ్రం మీద బంగ్లా పెంకు ముక్క బోర్లించాలి. నీళ్లు పోసి పదంకెలు లెక్కపెట్టేలోపు కింద చుక్క పడాలి. పడింది. కుండీ బరువు కూడా ఒక్క మనిషి జరపగలిగేంతకు దిగింది. మేస్త్రీ వచ్చి చూసి, బీట పైపూత గిలాబాలోనే ఉందని, స్లాబుకు ఏమీ కాలేదని చెప్పాడు.

అయితే దానికి ముందు పాత మట్టి దించాల్సి వచ్చింది. అవే ఇరవై రెండు మెట్లు. అదే జమ్లి.

కుళ్లిన మొక్కల జాగాలో పెట్టడానికి ఏమీ లేవు, దారులు మూసి ఉన్నాయి. స్వరూప తమ చెలక గట్టుమీది గునుగు పూల మొక్కలను వేరు మట్టితో సహా పెళ్లగించి తెచ్చింది. "ఇది కలుపు మొక్క తల్లీ, కుండీల పెడ్తె మా నర్సరీ పరువు పోతది" అన్నాను. వినలేదు. పొడుగాటి తెల్ల కుండీలో గునుగు పెట్టి, నల్ల గోడ ముందు నిలబెట్టింది. గులాబి కొసలున్న ఆ తెల్లని కంకులు గాలికి ఊగుతుంటే నేను పరువు సంగతి మళ్లీ ఎత్తలేదు.

పండుగ ఆఖరు రోజు, సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు బతుకమ్మను నడిరోడ్డు మీద, టెంటు ముందు ఆడుతున్నారు. దారులు మూసి ఉండి బతుకమ్మ పేర్చే పూలకు కరువైపోయింది. వీధిలో ఆడవాళ్లు తలెత్తి మేడ మీది గునుగును చూశారు. "జర మాకు కోసియ్యి బిడ్డా" అంటూ ఒక అవ్వ ముందు ఎక్కింది, వెనక ఇద్దరు. స్వరూప కెమెరా మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"కోస్కపోండ్రి అవ్వా. ఎవలం కాదన్నం? ముందుగాల ఫోటో దిగుండ్రి."

సాయంత్రానికి మెట్ల మీద నిలబడటానికి జాగా లేదు. పట్టుచీరలు, తలల మీద బతుకమ్మలు. కింద దుకాణంలోకి రావాలంటే పటేల్‌కే దారి దొరకలేదు. ఆయన చాలాసేపు ఎదుటి టెంటు దగ్గర నిలబడి చూశాడు. తర్వాత నా పక్కకొచ్చి, "గోదాము ఇంకెక్కడన్న సూసుకుంట తియ్యి" అన్నాడు. కూతురితో ఆ మాట అనలేదు. నేనే పైకెళ్లి చెప్పాను. ఆమె కెమెరాలోంచి కన్ను తీయకుండానే తలూపింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. చేను వేరు, కుండీ వేరు. చేలో నీళ్లు ఎంత లోతుకైనా పోతాయి, కుండీకి అడుగు ఉంటుంది. చేనుకు బలమైన మట్టే కుండీకి రాయి. మన మట్టి అన్నది నినాదంగా సరైనదే, కానీ నినాదంలోంచి నీళ్లు దిగవు. మిశ్రమాన్ని తడిపి, పిసికి, ఆ తర్వాతే ఒప్పుకోవాలి. ముఖ్యంగా, పక్కన పదిమంది చప్పట్లు కొడుతున్నప్పుడు ఒప్పుకోకూడదు.

తర్వాత మా నర్సరీలో కొబ్బరి పొట్టు తగ్గించి, ఈ ఊక మిశ్రమమే వాడటం మొదలుపెట్టాం. మేడ మీది పనులకు అదే ఖాయమైంది. ఒకరోజు కొత్త మాలీలకు దాన్ని కలపడం నేర్పుతూ, దీనికి మల్లేశం మసాలా అని పేరు పెట్టానని చెప్పాను. జమ్లి పక్కనే గొర్రె ఎరువు జల్లెడ పడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"పేరు నీదే పెట్టుకో అన్నా. ఈపారి తట్ట గూడ నువ్వే మొయ్యి."