తిరుపతిరావు బీరు వేడెక్కిన ఆదివారం

ఆదివారం మిట్టమధ్యాహ్నం, ముందస్తు ప్రకటన ఏదీ లేకుండా, కంకిపాడు పక్క కాలువకు నీళ్లు ఆపేశారు. ఆ కారణంగా తిరుపతిరావు బీరు వేడెక్కిపోయింది.

నవ్వదలచినవారు ముందుగా వాస్తవాలు వినాలి. ట్రాక్టర్ విడిభాగాల కొట్టు నడిపే ఈ పెద్దమనిషికి భార్య సుబ్బరత్నం మంజూరు చేసింది నెలకు ఒకే ఒక్క సీసా. అదీ చేపల వేటకు వెళ్లిన రోజునే. ఆ సీసాను ఆయన తడిగోనెలో చుట్టి, తాడు కట్టి, కాలువలోకి దింపుతాడు. ఫ్రిజ్‌లో పెట్టిన బీరుకు పళ్లు జివ్వుమంటాయే తప్ప ప్రాణం లేచిరాదని ఆయన దృఢాభిప్రాయం. పైగా, గాలానికి మొదటి చేప పడనిదే మూత తీయకూడదన్న నియమం ఒకటి. ఎవరూ అడగకుండానే తనకు తాను విధించుకున్నది.

ఆ రోజు చేపలు ఆ నియమాన్ని బొత్తిగా ఖాతరు చేయలేదు. ఆయన కళ్లు నీటి మీద తేలే గాలపు బెండు మీద, మనసు సీసా తాడు మీద.

“ఆ చూపేంటి రావుగారూ, సీసాకే గాలం వేసేట్టున్నారే!” అన్నాడు నవాబ్, పక్కనే గోలీసోడా తాగుతూ. వేటలో ఆయనకు ఏళ్లనాటి జంట.

“నియమం నియమమే భాయ్.”

బెండు ఒడ్డుకు దూరంగా జరుగుతుంటే గాలి అనుకున్నాడు. జరుగుతున్నవి నీళ్లు. తేరుకుని చూసేసరికి గోనె బురదలో చతికిలబడి, ఎండకు ఎండి అట్టకట్టింది. సరిగ్గా అప్పుడే, మిగిలిన మడుగులోంచి వేలెడు జెల్లచేప ఒకటి గాలానికి చిక్కింది. నియమం నెరవేరింది. మూత తీయగానే సగం బీరు నురగై చొక్కా మీదికి పొంగింది.

“టీ కాచారా ఏంటండీ? చెబితే బిస్కట్లు తెచ్చేవాణ్ణిగా!” అన్నాడు నవాబ్.

తిరుపతిరావు నవ్వలేదు. ఆయన భయం ఇంటి గురించి.

“మూత తీశారా, లేదా? అది చెప్పండి,” అంది సుబ్బరత్నం, ఇంటికొచ్చిన ఆయన చొక్కా మీది మరక చూసి.

“తీశాననుకో, కానీ కాలువలో...”

“తీశారుగా. ఈ నెలకి అయిపోయింది.”

“వేడిగా ఉందే!”

“చల్లగా ఉండాలని నేనేమన్నా ఒప్పుకున్నానా?”

తీర్పు నిర్దుష్టంగా ఉంది. అప్పీలుకు చోటు లేదు.

కాబట్టి, లాకుల దగ్గర తలుపులు దింపించిన అధికారులారా! నీళ్లు ఎప్పుడు ఆపుతారో ముందురోజే ఊళ్లో చెప్పించడం మీ దయ కాదు, విధి. నారుమళ్ల రైతులకూ మీరు ఆ మాట చెప్పలేదు. ఇకనైనా చెప్పించండి. ఈలోగా మీలో ఒకరు కంకిపాడు వచ్చి, సుబ్బరత్నం గారి గుమ్మంలో నిలబడి, “తప్పు మాదేనమ్మా, ఆ సీసాను లెక్కలోంచి తీసేయండి” అని ఒప్పుకోండి. త్వరగా రండి, ఈ నెలలో ఇంకొక్క ఆదివారమే మిగిలింది.