ఇద్దరు మోసే మౌంట్

టెలిస్కోప్ కొనేవాళ్ళు ముందు ఆలోచించాల్సింది అద్దం ఎంత పెద్దదని కాదు, దాన్ని మెట్లెక్కించేది ఎవరని. ఈ మాట ఎవరూ చెప్పరు. ఇంటర్నెట్ నిండా ఒకటే పాట: టెలిస్కోప్‌ను నిలబెట్టే మౌంట్ ఎంత బరువైతే అంత మంచిది. మంచిదే నాయనా, కాదన్నానా? మోసేదెవరు మరి?

తార్నాకలో మాది పై అంతస్తు ఫ్లాటు. లిఫ్టు అక్కడితో సరి, డాబా మీదికి మెట్లే. నేను పెళ్ళి చేసుకోలేదు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్తాను. నాకొక స్నేహితురాలుండేది. ఉండేదంటే కంగారు పడకండి, ఇప్పుడూ ఉంది, మల్కాజ్‌గిరిలో నిక్షేపంలా ఉంది. నా ఏడుపు అదే.

రీసెర్చ్ రోజుల్లో హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. తర్వాత అది బోటనీలో, నేను కెమిస్ట్రీలో అక్కడే ఉద్యోగాల్లో చేరాం. దానికి పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నుంచీ సాయంత్రం క్లాసులయ్యాక క్యాంపస్‌లో ఇద్దరం నడిచేవాళ్ళం. చెట్ల వెనక నెమళ్ళు అరుస్తుంటే, హాస్టల్ పిల్లలు స్కూటీల మీద మమ్మల్ని రాసుకుంటూ పోతుంటే, మేం మాత్రం గెలాక్సీల గురించి పోట్లాడుకునేవాళ్ళం. రిటైరయ్యేలోపు మా డాబా మీంచి ఒక్క గెలాక్సీనైనా ఫొటో తియ్యాలని మా పంతం.

"పెద్ద టెలిస్కోప్ కొందామే, మౌంట్‌దేముంది, స్టాండే కదా" అనేది అది.

"స్టాండా! నీ మొహం. పెళ్ళికొడుకు ఎంత అందగాడైతే ఏం, పల్లకీ మోసేవాళ్ళు తూలితే కింద పడతాడు" అనేదాన్ని నేను. ఆ గెలాక్సీ వెలుగు మన కళ్ళకు ఆనేంత ఉండదు. కెమెరా మూత తెరిచి నిమిషాలకు నిమిషాలు కూచోవాలి. ఈలోగా భూమి ఊరుకోదు, తిరుగుతుంది. మౌంట్ కూడా దానికి ఎదురు అంతే నెమ్మదిగా, వెంట్రుకవాసి తేడా లేకుండా తిరగాలి. అది వణికిందా, చుక్కలన్నీ సేమియా పోగుల్లా సాగిపోతాయి. చివరికి నా మాటే నెగ్గింది. ఉన్నవాటిలో గట్టి మౌంట్ ఎంచాం. "బరువేనే, అయినా నువ్వో కొస, నేనో కొస. మెట్లెంతసేపు!" అంది అది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం నడకలో సగం దారిలో ఆగి, "నేను పెళ్ళి చేసుకుంటున్నానే" అంది. ఈ వయసులో! బ్యాంకులో పనిచేసి రిటైరైనాయనట. ఆయనకూ భార్యా పిల్లలూ లేరట. నేను నవ్వి, కౌగిలించుకుని, చీర ఏ రంగుదని అడిగాను. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

నల్లకుంటలో చిన్న హాల్లో పెళ్ళి. పట్టపగలు ముహూర్తం. తాళి కట్టాక పంతులుగారు ఇద్దర్నీ గుమ్మం బయటికి తీసుకొచ్చి, ఎండలోకి వేలు చూపించి, "అదిగో అమ్మా అరుంధతి, కనిపించిందా?" అన్నారు. ఎదురుగా మెడికల్ షాపు బోర్డూ, కరెంటు తీగలూ తప్ప ఏమీ లేవు. "కనిపించిందండీ" అంది అది తల వంచి. కెమెరావాడు నా వైపు తిప్పి, "మేడం, మీరూ చూడండి పైకి" అన్నాడు. నేనూ చూశాను. కనిపించిందనే తలూపాను. పెళ్ళిలో కనిపించలేదని చెప్పినవాళ్ళను నేనింతవరకూ చూళ్ళేదు.

వెళ్ళేముందు అది నా చెయ్యి పట్టుకుని, "మల్కాజ్‌గిరి ఏమన్నా పరాయి దేశమా? ప్రతి ఆదివారం వస్తాను. ముందు మౌంట్ తెప్పించు, నిలబెట్టి చూశాక టెలిస్కోప్ కొందాం" అంది.

సరే, టెలిస్కోపులు అమ్మే అబ్బాయికి ఫోన్ చేశాను. ఈ ఊరి కుర్రాడే, మాట మర్యాద తెలిసినవాడు. "మంచి పీసే మేడం, గానీ మస్తు బరువుంటది. ఒక్కరితోని కాదు. ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా ఎత్తనీకి?"

"ఆఁ, ఉన్నారు" అన్నాను. ఎంత గభాలున అన్నానంటే నాకే ఆశ్చర్యమేసింది.

మౌంట్ వచ్చింది. తెచ్చినవాళ్ళు హాల్లో పెట్టిపోయారు. ఆదివారం వాళ్ళాయనకు జలుబు. ఆ పై ఆదివారం వాళ్ళాడపడుచు వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ తిరుపతి వెళ్ళారు. పెట్టె మీద పాత దుప్పటి కప్పాను. దానిమీద పేపర్లు, పేపర్ల మీద ఇస్త్రీ బట్టలు చేరాయి. వచ్చినవాళ్ళు అది టీపాయ్ అనుకుని కాఫీ కప్పులు పెట్టేవాళ్ళు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా! ఎప్పటినుంచో పక్కన నడిచినదాన్ని నేను. ఆ జలుబుమనిషి నిన్నగాక మొన్నొచ్చాడు.

చివరికి ఒక ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా మంచివాడు. చొక్కా చేతులు మడిచి, "మీరు పక్కనుండండి, నేనూ మా ఆవిడా పట్టుకుంటాం" అన్నాడు. ఆయనో కొస, అదో కొస. నేను ముందు నడిచి తలుపు తీశాను. నా ఇంటి మెట్ల మీద నేనే చుట్టాన్ని అయ్యాను. పైకి చేర్చాక చూస్తే ఆకాశమంతా మబ్బు. డాబా మీద కాసేపు పకోడీలు తిన్నాం. మెట్రో రద్దీ అవుతుందని త్వరగా వెళ్ళిపోయారు.

వాళ్ళు కిందికి దిగాక గుర్తొచ్చింది, మౌంట్ పైనే ఉండిపోయింది. వాన వాసన తగులుతోంది. ఎత్తబోయాను. నడుం పట్టేసింది. వడియాలు పెట్టే ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద పూలకుండీలు పెట్టి, దాని పక్కనే కూలబడి ఏడ్చాను. మౌంట్ కోసం కాదని వేరే చెప్పాలా? మర్నాడు వాచ్‌మన్ ఇంకొకణ్ణి పిలిచి దించి పెట్టాడు. ఒకసారైతే పిలుస్తాం. చుక్కలు కనిపించిన ప్రతి సాయంత్రం ఎవర్ని పిలుస్తాం?

మళ్ళీ ఆ అబ్బాయికే ఫోన్ చేశాను, ఇది తీసుకుని వేరేది ఇస్తాడేమోనని.

"ఏమైంది మేడం, ఖరాబైందా?"

"లేదు బాబూ, మొయ్యలేకపోతున్నాను."

"ఇంట్ల ఇంకొకరున్నరన్నరు గద?"

కింద ఆర్టీసీ బస్సు హారన్ కొడుతోంది. అది ఆగేదాకా ఆగాను.

"లేరు. నేనొక్కదాన్నే ఉంటాను."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. మిన్ను విరిగి మీద పడుతుందనుకున్నాను. అతను మాత్రం, "గట్లయితే ఫికర్ లేదు మేడం, చిన్నది పంపుత. దానికి తగ్గ చిన్న టెలిస్కోప్ చూద్దాం. ఒక్క చేతిల పట్కపోవచ్చు" అన్నాడు. అంతే.

చిన్నది వచ్చింది. కాళ్ళొక సంచిలో, మౌంటూ టెలిస్కోపూ ఒక సంచిలో, రెండు సార్లు మెట్లెక్కితే అయిపోయింది. ధ్రువుడికి గురిపెట్టి నిలబెట్టాలి దాన్ని. మన ఊళ్ళో ఆయన మరీ కిందుగా ఉంటాడు. పక్క అపార్ట్‌మెంట్ నీళ్ళట్యాంకు వెనక నక్కాడు. నేనే డాబా ఈ మూల నుంచి ఆ మూలకి జరిగాను. సప్తర్షుల తోక దగ్గరుంది మేం అనుకున్న గెలాక్సీ. దానికి దారి వసిష్ఠుడి మీంచే. దారిలో ఆగి ఒక ఫొటో తీశాను. వసిష్ఠుడి పక్కన అరుంధతి, గుండ్రంగా, సేమియా కాకుండా. గెలాక్సీ మాత్రం తార్నాక దీపాల వెలుగులో తడిసిన దూదిపింజలా వచ్చింది. వచ్చింది కదా!

అరుంధతి ఫొటో నా స్నేహితురాలికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"ఇదటే అరుంధతి? ఆవేళ నాకేం కనపళ్ళేదే. పంతులుగారు అడిగితే కనిపించిందన్నాను."

"నేనూ అంతే" అన్నాను.

నవ్వుకున్నాం. హాస్టల్ గదిలో నవ్వినట్టే నవ్వుకున్నాం. తర్వాత అడిగింది, "అవునూ, అంత బరువు పైకెవరు ఎక్కించారే?"

"అది ఇచ్చేశాను. చిన్నది కొన్నాను. నేనే తెచ్చుకున్నాను."

"నన్ను పిలవాల్సింది."

"పిలవక్కర్లేనిది కొనుక్కున్నానే" అన్నాను.

అటు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు.