నేను పెట్టిన ఘడియ

మా మనవరాలు పుట్టిన ఘడియ నేను పెట్టింది. ఈ సంగతి నకరికల్లు సెంటర్లో టీ తాగే వాళ్లందరికీ తెలుసు, నేనే చెప్పాను కాబట్టి. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎదుట పంచాంగం విప్పాననీ, "పదీ ఇరవైకి బిడ్డ బయటికి రావాలి, ఆ లెక్కన నొప్పులకు మందు పెట్టండమ్మా" అన్నాననీ, సరిగ్గా పదీ ఇరవైకి లోపల కేరుమన్నదనీ చెబుతూ వచ్చాను. చెప్పినప్పుడల్లా కాస్త పెరిగింది. మొన్న చెప్పినప్పుడైతే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నాకు నమస్కారం కూడా పెట్టింది.

కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి అంత తేలిగ్గా ఆడటం లేదు. జరిగింది రాస్తాను.

మా అమ్మాయి మొదటి కాన్పుకి మా ఇంటికి వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చింది, పోయింది, ఆ తర్వాత వారం కూడా పోయింది. నొప్పుల జాడ లేదు. ఆ రోజు పొద్దున్నే నేనూ మా ఆవిడా అమ్మాయిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాం. స్కానింగ్ చూసి డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గింది. ఇంకా ఆగితే మాయ బలం కూడా తగ్గుతుంది. లోపల బిడ్డకు ఇబ్బంది కావచ్చు. నొప్పులు రావడానికి మందు పెడదాం."

"పెడితే ఏమన్నా అయిద్దా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది.

డాక్టరమ్మ ఏమీ దాచలేదు. "అవ్వొచ్చు. నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వస్తే బిడ్డ గుండె నెమ్మదించొచ్చు. అందుకే మిషన్ పెట్టి చూస్తూనే ఉంటాం, ఎక్కువైతే మందు ఆపేస్తాం. ఒక్కోసారి ఎంత చూసినా దారి తెరుచుకోదు, అప్పుడు ఆపరేషన్ తప్పదు. కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోవచ్చు, దానికీ సిద్ధంగా ఉంటాం. ఇదివరకు కడుపు కోసి బిడ్డను తీసినవాళ్లకైతే ఇంకా చాలా ఆలోచించాలి. ఈ అమ్మాయికి ఆ బాధ లేదు. ఇప్పుడు మందు పెట్టడంలో ఉన్న భయం కంటే ఆగడంలో ఉన్న భయమే ఎక్కువ."

"ఎంతసేపట్లో అయిద్ది?" అన్నాను నేను.

"చెప్పలేం పెద్దాయనా. పూట పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు."

ఇక్కడే నా తప్పు బయటపడింది. మా వైపు ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించుకుని, ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. కత్తి డాక్టరు చేతిలో ఉంటుంది కనుక అది కుదురుతుంది. నొప్పుల మందుకూ అలాగే ఘడియ పెట్టొచ్చని నేననుకున్నాను. సంచిలోంచి పంచాంగం తీసింది నిజం. అయితే దాన్ని చూసి అన్న మాట వేరు.

"ఒక రెండు రోజులు ఆగితే ఏమమ్మా?"

"ఎందుకు?"

"ఈ సాయంత్రం నించి జ్యేష్ఠ, రేపు సాయంత్రం నించి మూల. రెండూ మంచియి కావు. బిడ్డకోసమే చెప్తన్నా."

డాక్టరమ్మ నా వంక చూడలేదు. మా అమ్మాయి వంక చూసింది. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"ఏందయ్యా నీ గోల? లోపల నీళ్లు తగ్గినయ్యంటే నీకు నక్షత్రాలు కావాల్సొచ్చినయ్యా?"

"నీకు తెలవదు, ఊరుకోవే."

నిజానికి ఆమెకు బాగా తెలుసు. జ్యేష్ఠలో పుడితే తల్లి వైపు తాతకు గండమని మా వాళ్లు చెప్పుకుంటారు. తల్లి వైపు తాతను నేనే. బిడ్డకోసం అన్న మాట పై పూత. లోపల వణికింది నా ప్రాణం. డెబ్బై దాటినవాడికి ప్రాణం మీద అంత తీపి ఏమిటని అడక్కండి. దాటినకొద్దీ అది ఎక్కువే అవుతుంది.

ఎవరూ తేల్చకుండానే నేను పంచాంగం చంకలో పెట్టుకుని గేటు అవతల టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. అల్లుడికి ఫోన్ చేశాను. అతను మాచర్ల అవతల టిప్పర్ మీద ఉన్నాడు, సాయంత్రానికి గాని రాలేడు.

"మామయ్యా, నాకు కంకర లోడు తెలుసు గానీ నక్షత్రాలు తెలవ్వు. డాక్టరమ్మ ఏమంటే అదే. నేనొస్తన్నా," అని పెట్టేశాడు.

టీ చల్లారిపోయింది. ఎదురుగా రోడ్డు ఎండకి మెరుస్తూ, నిలిచిన నీళ్లలా కనిపించింది. నేను ముప్ఫై ఏళ్లు సాగర్ కుడి కాలువ మీద లస్కరుగా చేశాను. కాలువల షట్టర్లు ఎత్తడం, దించడం నా పని. ఎండిన కాలువలోకి తొలి నీళ్లు ఎలా వస్తాయో కూర్చున్నచోటే కనిపించసాగింది. ముందు వాసన వస్తుంది, కాలిన మట్టి మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టు. తర్వాత సన్నటి నాలుక ఒకటి, ఎండుటాకుల్ని నెట్టుకుంటూ, ఆగి ఆగి, దారి అడుగుతున్నట్టు వస్తుంది. నేను దాని ముందు చెప్పుల్లేకుండా నడిచేవాణ్ణి. షట్టరు ఒక్కసారి ఎత్తితే కట్ట తెగుతుంది. షట్టరు మర కొద్దికొద్దిగా తిప్పాలి, నీళ్ల మట్టం చూడాలి, మళ్లీ తిప్పాలి. అసలు ఎత్తకపోతే చివరి చేలు మాడిపోతాయి. నేను చూస్తుండగానే ఆ కాలువలో ఒక చిన్న పడవలాంటిది, అడుగున నీళ్లు చాలక, ఇసుకలో ఒరిగి ఆగింది.

ఉలిక్కిపడి లేచాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లోపలికి వెళ్లి, పంచాంగం సంచిలో పడేసి, "సరే, కానీయండమ్మా" అన్నాను. డాక్టరమ్మ తల ఊపింది. నమస్కారం మాత్రం పెట్టలేదు.

ఆ తర్వాత అంతా మగతగానే గుర్తుంది. గోడ అవతల మిషన్లోంచి బిడ్డ గుండె చప్పుడు, మెత్తటి దుమ్ములో దూడ పరిగెత్తినట్టు. అది నెమ్మదిస్తే నేను బల్ల మీద నిటారుగా కూర్చునేవాణ్ణి. మళ్లీ అందుకుంటే ఒరిగేవాణ్ణి. మందు సెలైన్లో కలిపి చుక్కచుక్కగా ఎక్కిస్తున్నారని, నొప్పులు ఎక్కువైనప్పుడు ఒకసారి ఆపారని మా ఆవిడ వచ్చి చెప్పింది. "షట్టరు దించారన్నమాట," అన్నాను. "నీ మొహం," అంది, కానీ నా పక్కనే కూర్చుంది.

మర్నాడు పగలు పదకొండున్నర దాటాక పాప పుట్టింది. పదీ ఇరవైకి కాదు. ఆపరేషన్ లేకుండా, నిండు జ్యేష్ఠలో పుట్టింది. గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెడితే, నాకు గండం తెచ్చే మొహం ఎలా ఉంటుందో చూద్దామని వంగాను. ఆవలించింది. ఇప్పుడు దానికి పదో నెల, నా కళ్లజోడు రెండుసార్లు విరగ్గొట్టింది.

ఇదంతా నిన్న మా అమ్మాయికి చదివి వినిపించాను. పాపను ఒళ్లో వేసుకుని చివరిదాకా విని, కాగితాలు వెనక్కి తిప్పమంది.

"ఏంది నాన్నా, నువ్వు సరే అన్నాకే మందు పెట్టారా?"

"మరి?"

"నువ్వు గేటు దాటంగానే ఒప్పుకోలు కాగితం అడిగి నేనే సంతకం పెట్టా. నువ్వొచ్చి సరే అనేప్పటికి మందు పెట్టి గంట దాటింది. నువ్వు ఒప్పుకునేదాకా కూచుంటే ఇది దక్కేదో లేదో. కన్నది నేను, ఒప్పుకున్నదీ నేనే. అది కొట్టేసి ఇట్టా రాయి."