కుడి నుంచి గీసిన గాడి

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించి జానమాజ్ చాప మడతపెడుతుంటే, పాలిటెక్నిక్‌లో చదివే మా చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద ఒక ఇనుప ముక్క, దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రెండు కొసలూ తెరిచి ఉన్న గాడి, దాన్ని కోయడానికి బయట ఖాళీలో దిగి, పచ్చగీత వెంట మెల్లగా లోపలికి వస్తున్న కట్టర్ బొమ్మ. పిల్ల ముచ్చటపడుతూ చూపిస్తోంది గానీ నా కళ్లు ఆ కట్టర్ మీదే ఉన్నాయి. కరెంటు పోయి అది నడుమ ఆగిపోతే ఎలా అన్నాను. నవ్వుకుందది. నా ఈడు వాళ్లయితే నవ్వరు, ఆ రోజుల్లో కరెంటును నమ్ముకుని యంత్రం నడిపిన వాళ్లయితే అసలే నవ్వరు.

నేను బడి మెట్లు ఎక్కలేదు. మా అబ్బా నర్సింహులపేటలో బట్టలు కుట్టేవారు. కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఖురాను అక్షరాలు, ఆ తర్వాత ఉర్దూ, ఆ పైన పాత వార్తాపత్రికల మీద వేలు పెట్టి తెలుగు నేర్పారు. గుడ్డ మీద సుద్దతో గీత గీసే ముందు కత్తెర ఎటు నుంచి వస్తుందో ఆలోచించమనేవారు. ఆయన పెట్టిన ఆ అక్షరభిక్షకు ఇప్పటికీ ప్రతి దువాలోనూ షుకుర్ చెప్పుకుంటాను. జనగామలో రైలు గేటు అవతల చిన్న వర్క్‌షాపు ఉన్న ఇంటికి కోడలిగా వచ్చిన చాలా ఏళ్లకు, మావారు ఎక్కడి నుంచో, కంప్యూటర్ చెప్పినట్టు ఇనుము కోసే ఒక పాత సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం తెచ్చారు. ఆయనకు ఇనుము తెలుసు గానీ కంప్యూటర్ ముందు కూర్చోవడమంటే చికాకు. అలా ఆ కుర్చీ నాకు దక్కింది. చిట్యాల నుంచి వచ్చి మా దగ్గర పనిచేసే ఒక తమ్ముడు నాకు, కట్టర్ నడిచే దారిని తెర మీద గీసే క్యామ్ సాఫ్ట్‌వేర్ నేర్పాడు.

తెరిచిన గాడి అతను నేర్పిన తొలి పాఠాల్లో ఒకటి. మూసిన గాడికైతే కట్టర్ ఇనుములోకే వాలుగా, భయం భయంగా దిగాలి. తెరిచిన గాడికి ఆ బాధ లేదు. తెర మీద గీతను ముక్క అంచు దాటించి గీస్తే చాలు, కట్టర్ ఖాళీలో దిగి, పక్క నుంచి ఇనుములోకి నడిచి, అవతలి ఖాళీలోకి వెళ్లిపోతుంది. గీత ఎక్కడ మొదలుపెడితే కట్టర్ అక్కడి నుంచి బయలుదేరుతుంది. తొలి అక్షరాలు కుడి నుంచి దిద్దిన చెయ్యి కనుక నేను ప్రతి గీతా కుడి నుంచే మొదలుపెట్టేదాన్ని. ఎడమ నుంచి గీయడమే అలవాటైన తమ్ముడు తల పట్టుకునేవాడు. "అక్కా, మళ్ల ఉల్టా గీసినవ్! గిది మిషన్, ఉర్దూ కితాబ్ గాదు." నేను సిగ్గుపడి దిద్దుకునేదాన్ని, మళ్లీ మరిచిపోయేదాన్ని.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఇంటింటా ఉంది. బందులు, రాస్తారోకోలు, రోడ్ల మీదే వంటావార్పు. భూపాలపల్లి వైపు నుంచి బొగ్గు కదలడం లేదని, అందుకే కరెంటు లేదని చెప్పుకునేవారు. వస్తే ఎంతసేపు ఉంటుందో తెలియదు, పోతే ఎప్పుడు వస్తుందో తెలియదు. అలాంటి ఒక పొద్దున నర్సింహులపేటలో మంచినీళ్ల పంపు నడిపే అన్న, పాత మోటారు సైకిల్ మీద గోనెసంచి కట్టుకుని మా గుమ్మంలో దిగాడు. మా పుట్టింటి వీధివాడే. పంపునూ మోటారునూ కలిపే కప్లింగ్ పగిలిపోయిందట. పట్నం నుంచి కొత్తది వచ్చే దారి లేక, మహబూబాబాద్‌లో పాత ఇనుము దుకాణమంతా గాలించి, సరిపోయే పోత ముక్క ఒకటి పట్టుకొచ్చాడు.

"తొవ్వ పొడుగునా ఆపుడే చెల్లె," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "ఆపినకాడల్ల జై తెలంగాణ అనిపిచ్చి బువ్వ పెట్టిండ్రు. నా కడుపుల జాగ లేదు, ఊళ్లె నీళ్లు లేవు." నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. ఊరంతా పొలాల బావుల నీళ్లు తాగి, వాంతులు విరేచనాలతో మంచం పట్టిందన్నాడు. నా కన్నతల్లి, మా అమ్మీ కూడా లేవడం లేదన్నాడు. "గిదొక్కటే దొరికింది. గిది ఖరాబైతె ఇగ మాకు దిక్కు లేదు."

ఆ కప్లింగ్ ముఖం మీద అడ్డంగా ఒక గాడి తీయాలి, రెండు కొసలూ తెరిచి ఉండాలి. మామూలుగా షేపర్ అనే పాత కోత యంత్రం మీద తీసేవాళ్లం, దాని మోటారు కాలిపోయి ఉంది. తమ్ముడు బందులో చిట్యాలలోనే ఇరుక్కుపోయాడు. అంటే నేనే గీయాలి. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటే అమ్మీ ముఖమే తెర మీద కనిపించింది. గీత పూర్తిచేసి తమ్ముడికి ఫోన్ చేస్తే అతను అన్నీ అడిగి, చివర్న, ఎడమ నుంచే మొదలుపెట్టినవా అక్కా అన్నాడు. చూసుకుంటే మళ్లీ కుడి నుంచే! దిద్దబోతుండగా నెత్తి మీద ఫ్యాను తిరిగింది. కరెంటు! "ఉండనీ, ఇగ ముట్టుకోకు," అని మావారు ముక్కను బిగించడానికి పరుగెత్తారు.

బిస్మిల్లా అని బటన్ నొక్కాను. పంపు అన్న కళ్లు మూసుకుని పోచమ్మ తల్లిని పిలిచాడు. కట్టర్ ఖాళీలో దిగి ఇనుములోకి నడిచింది. ఒక్కో విడత కొంచెం కొంచెం లోతుగా కోస్తూ, అవతలికి పోయి, పైకి లేచి, వెనక్కి వచ్చి మళ్లీ దిగుతోంది. సగం లోతు దాటి ఉంటుంది. కట్టర్ సరిగ్గా ముక్క నడుమ ఉండగా అంతా ఆగిపోయింది. ఫ్యాను, దీపం, యంత్రం.

మా యంత్రానికి ఒక జబ్బు ఉండేది. చేత్తో జరుపుకునే చక్రం ఎప్పుడో పాడైంది. కరెంటు పోయి వస్తే యంత్రం తానెక్కడున్నదీ మరిచిపోయేది, మొదటి చోటికి పంపితే తప్ప మాట వినేది కాదు. అలా పంపితే మిగతా యంత్రాల్లా కట్టర్‌ను ముందు పైకి లేపేది కాదు, ముక్క కుడి అంచు వైపు అడ్డంగా తోసి, ఆ తర్వాతే లేపేది. ఇనుములో ఇరుక్కున్న కట్టర్‌కు కుడివైపున కోయని ఇనుము ఉంటే, తిరగని కట్టర్ దానికి గుద్దుకుని విరుగుతుంది, విరుగుతూ ముక్కనూ చీల్చేస్తుంది.

మావారు నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "ఎటు నుంచి కోసినవ్?"

కుడి నుంచే గీశానా, తమ్ముడు చెప్పాక దిద్దేశానా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు, భయం బుర్రను అలా తుడిచేసింది. గాడి నిండా ఇనుప రజను. ఆయన టార్చి నా చేతికిచ్చి, బ్రష్‌తో రజనంతా దులిపి, వంగి చూశారు. కట్టర్‌కు ఎడమ పక్కన ఇనుము గోడలా నిలబడి ఉంది. కుడి పక్కన దారి ఖాళీగా, నున్నగా మెరుస్తోంది. "నీ ఉల్టా గీత మంచిదాయె," అన్నారు గానీ మరోసారి వంగి చూశారు.

చూసినంత మాత్రాన భయం పోతుందా? ఆ ముసలి యంత్రం ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? పొద్దు వాలి అసర్ నమాజు వేళయ్యే దాకా అలాగే కాచుకుని కూర్చున్నాం. పంపు అన్న టీ కూడా ముట్టలేదు. కరెంటు రాగానే బటన్ మావారే నొక్కారు, నేను చూడలేక గోడవైపు తిరిగి, కాపాడమని ఖురానులోని ఆయతుల్ కుర్సీ చదువుకున్నాను. గరగరమని బల్ల కదిలిన చప్పుడు వినిపించింది. ఇప్పుడు విరుగుతుంది, ఇప్పుడు విరుగుతుంది అనుకుంటూనే ఉన్నాను. ఏదీ విరగలేదు. తిరిగి చూస్తే కట్టర్ తాను వచ్చిన దారినే బయటకు జారి, ఖాళీలో పైకి లేస్తోంది. నూనె మరకల నేల అని కూడా చూడకుండా అక్కడే నుదురు ఆనించి సజ్దాలో పడిపోయాను. మిగిలిన కోత కూడా అల్లాహ్ దయవల్ల చీకటి పడకముందే పూర్తయింది.

మర్నాడు పంపు అన్న ఫోన్ చేశాడు. హలో అంటే పలకలేదు. అంతలో చప్పుడు వినిపించింది. వీధి నల్లా దగ్గర ఫోన్ పట్టుకున్నాడు కాబోలు, బిందెలోకి నీళ్లు పడుతున్న ధార, దాని వెనక ఆడవాళ్ల కీచులాట. "ఏయ్, నా బిందె జరిపిందెవలె?" ఎవరో అరుస్తున్నారు. నేను రిసీవర్ చెవికి అదుముకుని, ఏడుస్తూ, బిందె నిండేదాకా విన్నాను. అమ్మీ కూడా వారం తిరగకుండానే లేచి కూర్చుంది.

కోరుకున్న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు కరెంటు చెప్పకుండా పోదు, నర్సింహులపేటలో ఇంటింటికీ నల్లా ఉంది. పిల్ల చూపించిన సాఫ్ట్‌వేర్ దారి తానే వెతుక్కుంటుందట, ఎటు నుంచి గీశావని ఎవరూ అడగరట. అన్నింటికీ షుకుర్. ఆ భయం మళ్లీ రావాలని ఎవరు మాత్రం కోరుకుంటారు? కానీ నల్లా తిప్పినప్పుడు ఒక్కోసారి చెయ్యి ఆగిపోతుంది. ఈ నీళ్లు ఎవరు పంపారో నాకు తెలియదు, నాకు అందాయో లేదో వాళ్లకూ తెలియదు. నీళ్లు వచ్చాయని ఫోన్ చేసి, మాట్లాడకుండా, వాటి చప్పుడు వినిపించే వాళ్లు ఇప్పుడు లేరు.